తొమ్మిదో నంబరు ఖాతా

వడమాలపేట,
ఏప్రిల్ 4

మామకు,

ఫోన్ చేస్తే నీకు వినబడదు. వాట్సాప్ అంటే నీకు అసహ్యం. అందుకే ఈ కాగితం. మన ట్యాంకరు డ్రైవర్ రాజారత్నం రోజూ చిత్తూరు ప్యాకింగ్ ప్లాంటుకు పాలు తీసుకుపోతాడు కాబట్టి, దారిలో కట్టమంచిలో ఆగి నీ చేతికే ఇమ్మని చెప్పాను.

నువ్వు పదహారేళ్లు కాపలా కాసి నాకు అప్పగించిన పాలకేంద్రం సర్వర్‌ను ఈ వారం మొదటిసారి పూర్తిగా తెరిచి చూశాను. నవ్వు ఆగలేదు. కేంద్రంలో పనిచేసేది పదకొండు మంది. నీ లైనక్స్‌లో ఖాతాలు నలభై మూడు! గేమ్స్ అని ఒకటి. పాలకేంద్రంలో ఆటలు ఎవరు ఆడేవాళ్లు, నువ్వా? న్యూస్ అని ఒకటి. యూయూసీపీ అని ఇంకొకటి, పలికితే పళ్లు కదులుతాయి. నోబడీ అని కూడా ఒకడున్నాడు. ఎవరూ కానివాడికి ఖాతా పెట్టిన మహానుభావుణ్ణి నిన్నే చూశాను. గ్రూపుల సంగతి చెప్పనే అక్కర్లేదు, పెళ్లికి పిలవని చుట్టాల్లా ఎవరు ఎందులో ఉన్నారో తెలియదు.

తిరుపతి హెడ్డాఫీసు నుంచి పదిహేనో తేదీన తనిఖీకి వస్తున్నారు. "వాడని ఖాతాలు తొలగించవలెను" అని వాళ్లు పంపిన కాగితంలో మూడో అంశం. వీటిలో నిజంగా పనికొచ్చేది ఏదైనా ఉంటే వారంలోగా రాసి పంపు. రాయకపోతే లేదనుకుంటాను. అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

భానుప్రియ

*

చిత్తూరు, కట్టమంచి,
ఏప్రిల్ 8

భానుప్రియకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి నీ చదువు మీద జాలేసింది. ఏర్పేడు దగ్గర ఆ పెద్ద సాంకేతిక విద్యాసంస్థ గోడ పక్కనుంచి నాలుగేళ్లు కాలేజీ బస్సులో పోయివచ్చావు కదా, ఆ గోడను చూసినందుకే సర్టిఫికెట్ ఇచ్చినట్టున్నారు.

ఆ ఖాతాలు నేను పెట్టినవి కావు తల్లీ. లైనక్స్ వాటితోనే వస్తుంది. అవి మనుషులు కావు. వాటికి పాస్‌వర్డ్ ఉండదు, వాటి పేరుతో ఎవరూ లోపలికి రాలేరు. ఒక్కొక్క పనిని ఒక్కొక్క పేరు కింద విడిగా ఉంచడానికి వాటిని పెట్టారు, ఒకటి చెడితే మిగతావి చెడకుండా. ప్రింటరు పని ఒకదాని కింద, మెయిల్ పని ఒకదాని కింద. గేమ్స్, న్యూస్, యూయూసీపీ పాతకాలంవి. ఉంటే నష్టం లేదు, తీసేస్తే లాభం లేదు. నువ్వు ఎగతాళి చేసిన ఆ నోబడీ ఏ హక్కూ అక్కర్లేని పనులు చేస్తాడు. కొందరు ఉద్యోగులకంటే నయం.

ఇంకొక సంగతి, నీ గోడ అవతల చెప్పి ఉంటారు, ఇవతల చెప్పి ఉండరు. యంత్రానికి పేర్లు తెలియవు, నంబర్లే తెలుసు. మనుషుల నంబర్లు వెయ్యి నుంచి మొదలు. దానికి కిందివన్నీ యంత్రం సొంతం. ఫైలు ఎవరిదన్నది కూడా నంబరుతోనే రాసుకుంటుంది. ఖాతా తీసేస్తే దాని ఫైళ్లు పోవు, ఆ నంబరుతో దిక్కులేకుండా పడి ఉంటాయి. రేపు ఆ నంబరు ఎవరికిస్తే ఆ ఫైళ్లన్నీ వాళ్ల పేరు మీదికి పోతాయి, ముట్టుకున్నా ముట్టుకోకపోయినా.

కాబట్టి ఏదీ తీసేయొద్దు. లోపలికి రావడానికి వీల్లేకుండా తాళం వేసి ఉందో లేదో చూసుకో, చాలు. తనిఖీవాళ్లకు అదే చెప్పు. అర్థం కాకపోతే నా పేరు చెప్పు, వణుకుతారు. ఎందుకు తీయకూడదని మళ్లీ అడగొద్దు. అన్నీ నీకు నూరి పోయడానికి నాకిప్పుడు జీతం లేదు.

మునిశేఖర్

*

వడమాలపేట,
ఏప్రిల్ 22

మామకు,

తనిఖీ అయిపోయింది. నీ పేరు చెప్పాను. ఎవరూ వణకలేదు. "ఆ సార్ రిటైరయినాడు గదమ్మా" అన్నారంతే.

పద్నాలుగో తేదీనే గేమ్స్, న్యూస్, యూయూసీపీ, ఇంకో నాలుగు తీసేశాను. గ్రూపులు కూడా దులిపాను. చూశావా, మిన్ను విరిగి మీద పడలేదు. ఒక చిన్న చిక్కు వచ్చింది, అయిదు నిమిషాల్లో సరిచేశాను. తనిఖీకి వచ్చినాయన జాబితా చూసి, "ఇన్నేండ్లకు ఒకరు ఇల్లు ఊడ్సినారు" అన్నాడు. ఆ మాట నీకు రాయకుండా ఉండలేకపోయాను.

ఇంకొకటి. పాలు పరీక్ష చేసే నిస్సీ తెలుసుగా, రాజారత్నం కూతురు, రెండేళ్ల కిందట చేరింది. ట్యాంకు టెంపరేచర్ చూడాలంటే పాపం ప్రతిసారీ నా గదికి రావాల్సి వచ్చేది. ఆ అమ్మాయికి కూడా సొంత ఖాతా ఇచ్చాను. ఇప్పుడు తన బల్ల దగ్గరే చూసుకుంటోంది. పదహారేళ్లలో నీకు ఈ ఆలోచన ఎందుకు రాలేదో నాకు తెలుసు. వాళ్లు నీ గదికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడాలి, నువ్వు కళ్లజోడు పైనుంచి చూడాలి. ఆ దర్బారు ముగిసింది మామా.

భానుప్రియ

*

చిత్తూరు,
ఏప్రిల్ 25

భానుప్రియకు,

సంతోషం. ఊడ్చుకో. నీ ఇల్లు, నీ చీపురు.

నేను చెప్పాల్సింది చెప్పాను. వినని వాళ్లకు రెండోసారి చెప్పే అలవాటు నాకు లేదు. ఎప్పుడో ఒకరోజు నువ్వే కట్టమంచి బస్సెక్కి వస్తావు, నా గుమ్మం ముందు నిలబడి "మామా, ఇదేంది?" అని అడుగుతావు. అప్పుడు మాట్లాడుకుందాం. తొందరేమీ లేదు, నాకు ఇక్కడ పని లేదు, వాకిట్లో కుర్చీ ఉంది.

మీ అమ్మను అడిగానని చెప్పు.

మునిశేఖర్

*

వడమాలపేట,
మే 7

మామకు,

సోమవారం పాలు విరిగిపోయాయి. ఆరు వేల లీటర్లు. మధ్యాహ్నం ఒంటి గంటకు పాలు చల్లబరిచే కంప్రెసర్ ఆగింది. అందరూ భోజనాలకు పోయారు. ట్యాంకు వేడెక్కితే మోగాల్సిన బెల్లు మోగలేదు. ఇక్కడ టెంపరేచర్ ముల్లు వంక ఎవరూ చూడరని నీకు తెలుసు, పదహారేళ్లుగా అందరూ ఆ బెల్లునే నమ్ముకున్నారు. మోగితే పరుగెత్తుతారు, మోగకపోతే అన్నం తింటారు. మూడున్నరకు మూత తీస్తే పులుపు వాసన. మొత్తం కాలవలోకి వదిలారు. పాలు పోసే ఆడవాళ్లు గట్టున నిలబడి చూశారు. నాకు ఆ చూపులు ఇంకా వదలడం లేదు.

మేనేజర్ సునీల్‌కుమార్ నా గదికి వచ్చి బెల్లు ఫైళ్ల జాబితా తీయమన్నాడు, తీశాను. ప్రతి వరసలో ఫైలు ఎవరిదన్న చోట నిస్సీ పేరుంది. 2011 నాటి ఫైలు నుంచి మొన్నటి దాకా అన్నీ నిస్సీవే. చివర్లో "బెల్లు: నిస్సీకి అనుమతి లేదు" అని యంత్రం రాసుకున్న వరసలు పేజీ నిండా ఉన్నాయి. ఆయన ఆ కాగితం తీసుకుని పోయి అందరి ముందూ ఆ అమ్మాయిని నిలబెట్టాడు.

"బెల్లు సప్పుడుకు తలనొప్పి అని నువ్వే గదమ్మా అన్న్యావు? ఇదిగో సూడు, ప్రతి వరసలో నీ పేరే ఉండాది."

"సార్, టెంపరేచర్ సూసేది తప్ప నాకు ఆ కంప్యూటర్లో ఇంగేం తెల్దు."

"తెల్దంటే నీ పేరు యాన్నించి వచ్చింది?"

ఆమె నా వైపు చూసింది. నేను జాబితా వైపు చూశాను. విచారణ అయ్యేదాకా రావద్దని పంపించేశారు.

ఆ అమ్మాయి ఏదో నొక్కి ఉండవచ్చు కూడా, ఎవరు చూశారు? ఖాతా ఇవ్వడమే నా తప్పేమో. నువ్వు ఆ బెల్లును దేనికి కలిపావో ఒక్క మాట రాయి. నువ్వు ఇచ్చిపోయిన నోటుబుక్కులో ఎక్కడా లేదు. ఈ ఉత్తరం రాజారత్నం చేతికి ఇవ్వాలంటే చేయి రావడం లేదు, కానీ వేరే దారి లేదు.

భానుప్రియ

*

చిత్తూరు,
మే 10

భానుప్రియకు,

నిన్ను తెలివితక్కువదానివి అనుకున్నాను. అంతకంటే కింద ఉన్నావు.

2011 నాటి ఫైలు నిస్సీదా? 2011లో ఆ పిల్ల వడమాలపేట బడిలో అయిదో తరగతి చదువుతూ ఉంటుంది. అయిదో తరగతి పిల్ల నా సర్వర్‌లో ఫైలు రాసిందా? మీ మేనేజర్‌కు ఆ బుర్ర లేదు, సరే. నీకు? కాగితం తీసి ఇచ్చింది నువ్వే, ఆ సంవత్సరం నీ కంటికి కనబడలేదా? కనబడింది. నాకు రాసేటప్పుడు కూడా రాశావు.

ఏం జరిగిందో నేను ఇక్కడ కుర్చీలో కూర్చుని చెప్తాను విను. న్యూస్ ఖాతా నంబరు తొమ్మిది. దాన్ని తీసేశావు. దాని కింద నడిచే టెంపరేచర్ నమోదు ఆగిపోయింది. రెండు రోజులకు చూసుకున్నావు. ఫైళ్లన్నీ తొమ్మిదో నంబరుతో దిక్కులేకుండా కనబడ్డాయి. వాటిని పద్ధతిగా సరిచేయడం చేతకాక, అప్పుడే పెడుతున్న నిస్సీ ఖాతాకు తొమ్మిదో నంబరు తగిలించావు. తలుపులన్నీ తెరుచుకున్నాయి, నమోదు మళ్లీ నడిచింది. అదే కదా నీ "చిన్న చిక్కు"? కానీ బెల్లు తీగను తాకే అనుమతి డయలౌట్ అనే గ్రూపులో ఉన్న వాళ్లకే ఉంటుంది. న్యూస్ ఆ గ్రూపులో ఉండేది. నిస్సీ లేదు. యంత్రం ప్రతి అయిదు నిమిషాలకూ బెల్లు కొట్టబోయింది, ప్రతిసారీ అనుమతి లేదని రాసుకుంది. నువ్వు ఆ వరస ఒక్కసారైనా చదవలేదు.

ఆ పిల్ల ఏమీ చేయలేదు. పేరు తప్ప ఆమెది అందులో ఏదీ లేదు, ఆ పేరు పెట్టింది కూడా నువ్వే. "ఏదో నొక్కి ఉండవచ్చు" అని రాయడానికి నీ చేయి ఎలా వచ్చింది?

ఈ ఉత్తరం అందిన రోజే సునీల్‌కుమార్ దగ్గరకు పోయి ఇది చెప్పు.

మునిశేఖర్

*

వడమాలపేట,
మే 14

మామకు,

నీ ఉత్తరం సోమవారం అందింది. అవును. అంతా నువ్వు రాసినట్టే జరిగింది. తొమ్మిది నేనే ఇచ్చాను. తనిఖీ మరుసటి రోజు, వాళ్లు మళ్లీ వస్తారేమోనన్న భయంలో ఇచ్చాను. ఆ రోజు సునీల్‌కుమార్ కాగితం ఊపుతున్నప్పుడు నోరు తెరవలేదు. నాకు సిగ్గుగా ఉంది. ఇది ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు నువ్వు ఒప్పుకో.

నీ నోటుబుక్కుకు ఎర్ర ఇంకుతో పేజీ నంబర్లు వేశావు. ముప్పై తొమ్మిదీ నలభైల తర్వాత నలభై మూడు ఉంది. మధ్య కాగితం లేదు, కుట్టు దగ్గర చింపిన అంచు మాత్రం ఉంది. నువ్వు పెన్ను నొక్కిపట్టి రాస్తావు మామా. నలభై మూడో పేజీని వెలుతురుకు పెట్టి చూస్తే పై కాగితం అచ్చు కనబడుతోంది. "బెల్లు", "న్యూస్", "డయలౌట్", "ఇది తీయరాదు". ఇంత స్పష్టంగా రాసుకున్నావు. రాసి చింపావు.

అంతే కాదు. ఏప్రిల్ ఇరవై రెండున న్యూస్ తీసేశానని నేను నీకు రాశాను. ఆ క్షణమే బెల్లు చచ్చిందని ఈ భూమ్మీద తెలిసినవాడివి నువ్వొక్కడివే. నువ్వేం రాశావు? "నీ ఇల్లు, నీ చీపురు" అని. పది రోజుల సమయం ఉంది నీకు. ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. నేను బస్సెక్కి వచ్చి నీ గుమ్మం ముందు నిలబడాలి, అది ముఖ్యం నీకు. నాకు బుర్ర లేదన్నావు. నిజమే. నీకు బుర్ర ఉంది, దానితో నువ్వు చేసిన పని ఇది.

నేనొక్కదాన్నే పోయి చెప్పను. నా ఉద్యోగం పోతుంది, నువ్వు కట్టమంచిలో కుర్చీలో కూర్చుని "చెప్పానా" అంటావు. నువ్వు రాసిస్తే నేనూ రాసిస్తాను. ఇద్దరివీ ఒకే రోజు బల్ల మీద పడాలి.

భానుప్రియ

*

వడమాలపేట,
మే 23

మామకు,

తొమ్మిది రోజులైంది. జవాబు లేదు. ఉత్తరం అందిందని రాజారత్నం చెప్పాడు. "సార్ చదవతా ఉన్న్యాడు, నేను సూసినాను" అన్నాడు.

తాయమ్మ, అంటే నిస్సీ వాళ్లమ్మ, పాలు పోయడానికి వస్తే వరసలో ముందు నిలబడినావిడ తన చెంబు పక్కకు జరిపింది, "మీ పాపే గదా పాలు ఇరగ్గొట్టింది" అని. ఇది నేను నా గది కిటికీలోంచి విన్నాను.

నువ్వు ఎప్పుడు రాస్తే అప్పుడు.

భా.

*

చిత్తూరు,
మే 29

భానుప్రియకు,

రాయడానికి కూర్చుని నాలుగుసార్లు లేచాను. నిన్ను తిట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని నీ ఉత్తరం మళ్లీ మళ్లీ వెతికాను. దొరకలేదు.

ఆ కాగితం నేనే చింపాను. నా ఆఖరి రోజున శాలువా కప్పారు. సునీల్‌కుమార్ మైకు పట్టుకుని, "ఇంగ మీద మన కేంద్రం కొత్త కాలంలోకి పోతాంది" అని నిన్ను చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కొట్టినవాటికంటే గట్టిగా కొట్టారు. అన్నం తినకుండా గదికి పోయి ఆ కాగితం చింపి జేబులో పెట్టుకున్నాను. నేను లేకపోతే ఏమవుతుందో వీళ్లకు తెలియాలి అనుకున్నాను. పాలు విరుగుతాయని అనుకోలేదు. ఏదో ఒకటి ఆగిపోతుంది, నాకోసం కారు పంపిస్తారు అనుకున్నాను. అరవై ఏళ్లవాడి ఆలోచన ఇది.

న్యూస్ కింద బెల్లు పెట్టడం కూడా పద్ధతి కాదు. 2009లో కొత్త ఖాతా పెట్టాలంటే తిరుపతి ఆఫీసు నుంచి మూడు సంతకాలు రావాలి. ఎవరు తిరుగుతారులే అని, ఊరికే పడి ఉన్న న్యూస్‌ను వాడుకున్నాను. యంత్రం సొంత ఖాతాలను మన పనులకు వాడకూడదని నీకు పాఠం చెప్పగలను, నేనే పాటించలేదు. ఆ ఒక్కటి నీ మొదటి ఉత్తరానికి జవాబులోనే రాసి ఉంటే సరిపోయేది. నా సోమరితనం నీకు తెలుస్తుందని రాయలేదు.

మొన్న రాజారత్నం వచ్చాడు. ఉత్తరం లేదు, ఉత్తినే వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గేటు పట్టుకుని అడిగాడు. "సారూ, ఆ మిషన్ను మీకంటే తెలిసినోళ్లు యాడా లేరు. మా పాప ఆ బెల్లు ఆపినాదా? ఒక్క మాట సెప్పండి, ఇంగ అడగను."

నాకు వినబడింది. ప్రతి మాటా వినబడింది. నేను చెవి దగ్గర చేయి పెట్టి, వినబడలేదన్నట్టు తల ఊపాను. ఆయన మళ్లీ అడగబోయి, "పోనీలే సారూ, ఎండలో నిలబడొద్దు, లోపలికి పోండి" అన్నాడు. ట్యాంకరు కదిలేదాకా అక్కడే నిలబడ్డాను. ఇన్నేళ్లు అందరినీ చిన్నచూపు చూశాను భానూ. ఆ గేటు దగ్గర నాకంటే చిన్నవాడు ఎవరూ లేరు.

నువ్వు రాసిస్తేనే నేను రాసిస్తానని బేరం పెట్టడం నాకు వద్దు. సునీల్‌కుమార్ పేరు మీద రాసిన కాగితం, చింపిన ఆ కాగితంతో సహా ఈ కవరులోనే పెట్టాను. నువ్వు నీది రాసినా రాయకపోయినా ఇది ఇచ్చేయి.

సర్వర్ సంగతి. బెల్లు పనికి వేరే ఖాతా పెట్టు, పని పేరే దాని పేరు, లోపలికి రావడానికి వీలు ఉండకూడదు. దాన్ని డయలౌట్‌లో చేర్చు. తొమ్మిదో నంబరు ఫైళ్లన్నీ వెతికి దానికి అప్పగించు. నిస్సీకి వెయ్యి దాటిన సొంత నంబరు ఇవ్వు. న్యూస్‌ను తిరిగి దాని చోట పెట్టి తాళం వేసి వదిలేయి. చివరగా, ట్యాంకు థర్మామీటరును వేడినీళ్లలో ముంచి బెల్లు మోగిందో లేదో చెవులతో విను. నేను కూడా పదహారేళ్లలో అది ఒక్కసారే చేశాను.

మునిశేఖర్

*

వడమాలపేట,
జూన్ 4

మామకు,

రెండు కాగితాలూ సోమవారం ఇచ్చాను. నాది నీదానికంటే పొడుగు. సునీల్‌కుమార్ రెండూ చదివి, "మీ ఇద్దరిదీ ఒకే ఇల్లు గదా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన కాగితం ఊపిన చోటే, అందరి ముందూ, నిస్సీ తప్పు లేదని ఆయన చేతే చదివించాను. నా సంగతి తిరుపతి ఆఫీసు తేల్చాలి. ఉంటుందో పోతుందో తెలియదు.

నువ్వు చెప్పినట్టు అన్నీ చేశాను. వేడినీళ్లకు బెల్లు మోగింది. షెడ్డులో ఉన్నవాళ్లందరూ పరుగెత్తుకొచ్చారు, ఒక్క నిస్సీ బల్ల తప్ప అన్నీ ఖాళీ అయ్యాయి. ఆ బల్ల ముందే ఖాళీ.

నిన్న నిస్సీ వాళ్ల ఇంటికి పోయాను. క్షమించమని అడిగాను. ఆమె కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది. ఏదీ దాచడం లేదని తెలియడానికి నీ ఉత్తరాలు ఆమె ముందు పెట్టి వచ్చాను. శుక్రవారం నుంచి రమ్మని ఆఫీసు కబురు పెట్టింది. వస్తుందో రాదో.

భానుప్రియ

*

వడమాలపేట,
జూన్ 8, ఆదివారం

మునిశేఖర్ గారికీ, భానుప్రియ గారికీ,

ఇద్దరికీ ఒకటే ఉత్తరం, అదే రెండుసార్లు రాశాను. విడివిడిగా రాసేంత తేడా మీలో నాకు కనబడలేదు.

శుక్రవారం డ్యూటీలో చేరాను. ముప్పై రెండు రోజుల తర్వాత. కొత్త నంబరు ఇచ్చారు, వెయ్యీ పదిహేడు. దాని కింద ఏ ఫైళ్లున్నాయో నేనే అడిగి తీయించి చూసుకున్నాను. ఏమీ లేవు. ఇకమీద ప్రతి నెలా నేనే తీసి చూసుకుంటాను. భానుప్రియ గారు నేర్పిస్తానన్నారు. అక్కర్లేదన్నాను. టైపు చేయాల్సింది ఒక్క వరస, నాకు వచ్చేసింది. ఇంత సులువైనదాన్ని పట్టుకుని మీరిద్దరూ ఇంత గొప్పవాళ్లమనుకున్నారా అనిపించింది.

భానుప్రియ గారు తన మామ రాసినవి నా ముందు పెట్టారు. తను రాసినవి పెట్టలేదు. అవి ఆయన దగ్గర ఉన్నాయన్నారు, నిజమే అయి ఉంటుంది. మునిశేఖర్ గారి ఉత్తరాలు మూడుసార్లు చదివాను. మీకు తిట్టడం బాగా వచ్చు. గోడ గురించీ చీపురు గురించీ ఎంత బాగా రాశారో. నా పేరు కోసం వెతికితే మధ్యమధ్యలో అక్కడక్కడా కనబడింది. మీరు ఒకరినొకరు ఓడించుకోవడానికి రాసుకున్నారు. నేను ఆ మధ్యలో ఇంట్లో కూర్చున్నాను. మా అమ్మ పాలచెంబు కొంగు చాటున పెట్టుకుని పోయి వచ్చింది.

మునిశేఖర్ గారూ, ఆ రోజు మీ గేటు దగ్గర నుంచి వచ్చి మా నాయన ఏమన్నాడో మీకు చెప్పాలి. "పాపం, సార్‌కి సెవుడు ఎక్కువైపోయినాది" అన్నాడు. మీకోసం బాధపడ్డాడు. మీకు వినబడిందన్న సంగతి నేను ఆయనకు చెప్పలేదు. చెప్పను కూడా. మీరంటే ఆయనకు ఇంకా గౌరవం, దాన్ని పాడు చేసి ఆయనను ఎందుకు బాధపెట్టాలి?

మీ ఉత్తరాలన్నీ మోసింది ఆయనే. మే పదో తేదీన మీరు ఇచ్చిన కవరు సరిగ్గా అంటలేదు. శనివారం సాయంత్రానికి కేంద్రంలో ఆఫీసు మూసేశారు, ఆదివారం సెలవు, అందుకని ఆయన దాన్ని ఇంటికి తెచ్చాడు. నేనే అడిగాను. "నాయనా, అది ఊడిపోయే ఉండాది. ఒక్కసారి ఇప్పి సూడు, నా సంగతి ఉంటాదేమో."

"ఒకరి ఉత్తరం ఇంగొకరు సూడగూడదు పాపా" అన్నాడు. అన్నం మెతుకు పెట్టి, ఊడిన అంచు ఆయనే అతికించాడు.

"ఆ పిల్ల ఏమీ చేయలేదు" అని మీరు రాసిన ఉత్తరం అది. ఆదివారమంతా మా ఇంట్లో, గూట్లో, బైబిల్ పక్కన ఉంది. మా అమ్మ దాని ముందే మోకరించి నాకోసం ప్రార్థన చేసింది. సోమవారం పొద్దున మా నాయన దాన్ని తీసుకుపోయి భానుప్రియ గారికి ఇచ్చాడు. ఆమె చదువుకుని దాచుకున్నారు.

ఉత్తరం చివర నమస్కారాలు రాయాలని బడిలో నేర్పారు. రాయడం లేదు.

నిస్సీ